చివరి స్విచ్చి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన ఊరంతా చాటుతుంటారు. చాటడం ఆయనకి కొత్తేమీ కాదు, మార్కెట్లో వేలంపాట పాడేది ఆయనే. "ఒకటోసారి... రెండోసారి..." అని ఎత్తుకున్నారంటే పక్క వీధిలో కునుకు తీసేవాళ్ళు కూడా ఉలిక్కిపడి లేచి పాట పెంచేస్తారు. అలాంటి గొంతుతో ఇన్నేళ్ళు కాపురం చేశాక కోపం ముక్కు మీదికి కాక ఇంకెక్కడికి వస్తుంది?

మా తమ్ముడు అందుకు పూర్తిగా విరుద్ధం. నోట్లో నాలుక లేనివాడు అంటారే, ఆ మాట వాణ్ణి చూసే పుట్టి ఉంటుంది. కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీస్తాడు. ఆ దుకాణం మీది గదిలోనే ఒక్కడూ ఉంటాడు. పెళ్ళి మాటెత్తితే నవ్వి ఊరుకునేవాడు, అలా నవ్వుతూ నవ్వుతూనే జుట్టు నెరిసిపోయింది. పుట్టింటి వైపు నాకు మిగిలింది వాడొక్కడే, వాడికి నేనొక్కదాన్నే. ఆదివారం మధ్యాహ్నం వాడు మా గుమ్మంలో చెప్పులు విడిస్తేనే నాకు వారం గడిచినట్టు.

వాడు వచ్చేది నా కోసం అనుకునేరు. బావ కోసం, బావగారి బొమ్మ రైలు కోసం.

నవ్వకండి. పిల్లలు తాడు కట్టి లాగే బొమ్మ కాదది. మా మేడ మీద గది మొత్తం ఒకే బల్ల. దాని మీద పట్టాలు, స్టేషన్లు, అరచేతిలో ఇమిడే ఇళ్ళు, మధ్యలో ప్లాస్టరుతో పోసిన కొండ, కొండలో సొరంగం. మా పెళ్ళయిన కొత్తలో ఒక వేలంలో ఎవరూ పాడని పెట్టె ఒకటి మిగిలిపోతే, మా ఆయన తానే పాడుకుని ఇంటికి మోసుకొచ్చారు. అందులో మూడు ఆవిరి ఇంజన్లు ఉన్నాయి. వాటిలో పెద్దది నల్లగా, బరువుగా ఉండేది, దానికి ముసలమ్మ అని పేరు పెట్టుకున్నారు. నన్ను ఉద్దేశించి కాదని ఒట్టేశారు.

పాత పద్ధతి ఎలా ఉండేదో కొంచెం చెప్పాలి. పట్టాల్లో పారే కరెంటుతోనే ఇంజను నడుస్తుంది. పట్టాలన్నిటికీ ఒకేసారి కరెంటు ఇస్తే మూడు ఇంజన్లూ ఒక్కసారే బయల్దేరతాయి. అందుకని పట్టాలను ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి ఒక్కో స్విచ్చి పెట్టుకున్నారు. మా ఆయన ఈ చివర కుర్చీలో కూర్చుని గుండ్రటి నాబ్ తిప్పుతారు. ఆయన డ్రైవరు. మా తమ్ముడు కొండకి అవతల, ఆ చివర, స్విచ్చిల పలక ముందు కూర్చుంటాడు. బండి వచ్చే ముక్కకి కరెంటు ఇవ్వడం, దాటిన ముక్కకి తీసేయడం వాడి పని. సొరంగం దాటాక చివరి స్టేషన్ వాడి ముందే ఉంటుంది. కొండ అడ్డం కాబట్టి అది మా ఆయనకి కనబడదు. అయినా బండి ఎప్పుడూ సరిగ్గా ప్లాట్‌ఫారం గడియారం దగ్గరే ఆగేది.

"చూశావుటే? కళ్ళతో చూడకుండా ఆపుతాను. వేళ్ళలో ఉండాలి విద్య," అనేవారు మా ఆయన. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు, నేనెప్పుడూ వాదించలేదు.

మాట్లాడేదంతా ఆయనే. ఆ వారం మార్కెట్లో ఎవరు ఎవర్ని ఎలా బోల్తా కొట్టించారో, కుళ్ళిన సరుకు పైన మంచి సరుకు పేర్చినవాణ్ణి తానెలా పట్టుకున్నారో, అన్నీ కొండ మీదుగా అవతలికి వినిపించేలా చెప్పేవారు. అవతల్నుంచి స్విచ్చిల టకటక, నడుమ నడుమ "అలాగా బావా", "మరేం చేశాడు బావా" అని తమ్ముడి గొంతు. నేను కింద పని చేసుకుంటూ వినేదాన్ని.

ఇదంతా చక్కగా సాగుతుంటే చెడగొట్టింది నేనే. మంచికి పోతే చెడెదురైందంటే ఇదేనేమో.

బల్ల కింద వైర్లు ముసలివైపోయాయి. వారం వారం ఏదో ఒక ముక్కకి కరెంటు అందేది కాదు. తమ్ముడు టార్చి నోట్లో పెట్టుకుని బల్ల కిందికి పాకేవాడు. మోకాళ్ళు పట్టేసి, పైకి లేచేటప్పుడు తల కొట్టుకుని, "ఏం లేదక్కా" అనేవాడు. ఓ ఆదివారం వాడి నెత్తిన బొప్పి చూసి నాకు ఒళ్ళు మండింది. ఇంకా ఈ వయసులో వీడికి ఈ పాకులాట ఏమిటి, ఎలాగైనా తప్పించాలి అనుకున్నాను.

నాది చెవి మిషన్లు బాగుచేసే పని. బియ్యపు గింజంత భాగాలు, వెంట్రుకంత వైర్లు రోజూ నా చేతుల్లో ఉండేవే. కొత్త పద్ధతి గురించి కనుక్కున్నాను. అందులో పట్టాల నిండా ఎప్పుడూ కరెంటు ఉంటుంది. ఒక్కో ఇంజను కడుపులో ఒక చిప్పు, దానికో నంబరు. చేతిలో పట్టుకునే రిమోటులో ఆ నంబరు నొక్కి దాని మీది నాబ్ తిప్పితే ఆ ఇంజనే పలుకుతుంది, మిగతావి కదలవు. పైగా చిప్పులోనే ఆవిరి చప్పుడు, కూత కూడా ఉంటాయి. ఇక ముక్కల్లేవు, స్విచ్చిల్లేవు, బల్ల కింద పాకడమూ లేదు.

చిన్న ఇంజన్లు రెండూ మాట విన్నాయి. ముసలమ్మ మాత్రం మూడు చెరువుల నీళ్ళు తాగించింది. దాన్ని తయారుచేసిన రోజుల్లో చిప్పుల ఊసే లేదు, మోటారు ఒక కొస నేరుగా ఇనప ఒంటికే ఆని ఉంటుంది. దాన్ని విడదీయకుండా చిప్పు తగిలిస్తే చిప్పు గతి అంతే. నేను విడదీశాను, అడుగున పల్చటి ప్లాస్టిక్ ముక్క వేశాను, అన్నీ చేసి చివర్లో మోటారుని పాత ఇనప మరతోనే బిగించాను! ఆ మర గుండా కరెంటు మళ్ళీ ఒంట్లోకి పోయింది. సన్నటి పొగ, కమురు కంపు, చిప్పు హరీ. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ప్లాస్టిక్ మర వెతికి తెచ్చి, ఇంకో చిప్పు కొని మళ్ళీ మొదలుపెట్టాను.

స్పీకరుని ఇంజను వెనకాల ఉండే బొగ్గు పెట్టెలో పెట్టాను. ఊరికే అంటిస్తే దోమ పాడినట్టు వచ్చింది. స్పీకరుకి వెనక మూసిన గూడు ఉండాలి, చెవి మిషన్లలోనూ అంతే. మందుబిళ్ళల డబ్బా కోసి గూడు కట్టి, అంచులు జిగురుతో మూసి మళ్ళీ నొక్కాను. కూత వేసింది చూడండి, నా కుర్చీ వణికింది. పిట్ట కొంచెం కూత ఘనం! నేనొక్కదాన్నే గదిలో చప్పట్లు కొట్టాను.

స్విచ్చిల పలక విప్పి అట్టపెట్టెలో పడేశాను. విప్పేటప్పుడు ఒకటి కంటపడింది. స్విచ్చిలన్నిటి మీదా ఎర్ర రంగు అలాగే ఉంది. చివరిదాని మీద మాత్రం రంగంతా పోయి లోపలి ఇత్తడి మెరుస్తోంది, వేలు ఆనే చోట గుంట కూడా పడింది. స్ప్రింగు వదులైపోయి వేలాడుతోంది. చవక సరుకు అనుకున్నాను. నా తెలివి అంతవరకే పనిచేసింది.

ఆదివారం తమ్ముడు వచ్చాడు. మేడ మీద తన చోట పలక లేదు, మరలు విప్పిన కన్నాలు మాత్రం ఉన్నాయి. వాడు ఆ కన్నాల వైపు చూసి, నా వైపు చూసి నవ్వాడు.

"ఇక నువ్వు బల్ల కింద దూరక్కర్లేదురా. హాయిగా కూర్చుని చూడు," అన్నాను.

"మంచి పని చేశావక్కా."

మా ఆయన రిమోటు అందుకున్నారు, ఇక ఆ సంబరం అంతా ఇంతా కాదు. మూడు ఇంజన్లూ ఆయనే నడిపారు. కూత మీద కూత. ముసలమ్మ ఛుక్ ఛుక్ మంటూ కొండెక్కుతుంటే ఆయన మొహం వెలిగిపోయింది. తమ్ముడు ఎప్పటి కుర్చీలోనే, ఎప్పటిలా కొండ అవతలే కూర్చున్నాడు. చేతులు ఏం చేయాలో తెలియక కాసేపు ఒళ్ళో పెట్టుకున్నాడు, తర్వాత బల్ల అంచు మీద ఆనించాడు. నేను టీ తెచ్చేసరికి జేబురుమాలుతో అరచేతికి అంటిన నూనె తుడుచుకుంటున్నాడు. "శబ్దం భలే ఉందక్కా," అని, టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు.

తర్వాతి ఆదివారం రాలేదు. ఫోన్ చేస్తే దుకాణంలో పని పేరుకుపోయిందన్నాడు. సరేలే అనుకున్నాను. ఆ పై ఆదివారం కళ్ళు లాగుతున్నాయన్నాడు. కళ్ళజోళ్ళ దుకాణంలో ఉండేవాడికి కళ్ళు లాగడమేమిటి? గుమ్మంలో వాడి చెప్పులు ఉండే చోటు ఖాళీగా కనబడింది. కొత్త పద్ధతి మోజులో పడి నా తమ్ముణ్ణి నేనే ఇంట్లోంచి పంపేశానా అనిపించింది. ఆ బెంగంతా మా ఆయన మీద చిరాకుగా మారింది. బెంగపడితే నాకు వచ్చేది కోపమే. తమ్ముడు లేకుండా ఆయన బండి తీయడం ఆ రోజే మొదలు.

"మీ కూతలకి నా చెవులు పోతున్నాయి. కాసేపు ఆపుతారా?" అంటూ మెట్లెక్కాను.

"ఉండవే, ముసలమ్మ ఇంటికొస్తోంది. నిన్న మార్కెట్లో ఏమైందో తెలుసా, ఒకడు..."

ఆ ఒకడేం చేశాడో నాకు ఇప్పటికీ తెలియదు. ముసలమ్మ సొరంగం దాటింది, స్టేషన్ దాటింది, గడియారం దాటింది, పట్టాల చివరి అడ్డుకర్రని తోసుకుని బల్ల మీంచి కిందికి దూకింది. ధబేల్ మన్న చప్పుడు. నేలమీద పక్కకి ఒరిగి పడ్డాక కూడా ఒక క్షణం ఛుక్ ఛుక్ మని, తర్వాత ఊరుకుంది.

పొగగొట్టం విరిగింది, ముందు కమ్మీ వంగింది. ప్రాణం మాత్రం ఉంది. మా ఆయన దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని నా మీద పడ్డారు. "నీ చిప్పు వల్లే! పాత పద్ధతిలో ఒక్కసారి పడిందా ఇది?"

ఆడలేక మద్దెల ఓడన్నట్టు! అయినా నా పని మీద నాకే అనుమానం వచ్చింది. నిజం రైలు మెల్లగా ఆగినట్టు ఆగాలని చిప్పులో వేగం నెమ్మదిగా తగ్గే అమరిక పెట్టాను, అదేమైనా ఎక్కువైందా అని దాన్ని పూర్తిగా తీసేశాను. నాబ్ సున్నాకి తిప్పితే ముసలమ్మ అక్కడికక్కడ నిలబడింది. చిప్పు తప్పేమీ లేదు.

"మళ్ళీ నడపండి, ఎప్పుడూ నడిపినట్టే," అని నేను కొండ అవతలికి వెళ్ళి తమ్ముడి కుర్చీలో కూర్చున్నాను.

ఆయన మొదలుపెట్టారు. బండినీ, మార్కెట్టు కథనీ. ముసలమ్మ సొరంగంలోంచి వచ్చింది, స్టేషన్లోకి వచ్చింది. ఆగుతుందని చూస్తున్నాను. కొండ అవతల కథ మాంచి రసపట్టులో ఉంది. బండి గడియారం దాటేసింది. నేను చటుక్కున అరచెయ్యి అడ్డం పెట్టాను. ఇంజను నా చేతిని తోస్తూ చక్రాలు గిర్రున తిప్పింది.

"ఆపండి!" అని అరిచాను. అప్పుడాగింది.

చెయ్యి తీసి చూసుకున్నాను. అరచేతి నిండా నూనె.

ఆ చెయ్యి కొంగుకి తుడుచుకున్నాను. తర్వాత లేచి ఈ పక్కకి వచ్చాను.

"మీరు నాబ్ ఎప్పుడు తగ్గిస్తారు?"

"ఎక్కడ?"

"చివరి స్టేషన్లో."

"అక్కడ తగ్గించడమెందుకే? అక్కడ అదే ఆగుతుంది కదా, స్టేషనొచ్చాక," అన్నారు. అని, తన మాట తానే విన్నట్టు నోరు తెరిచి అలాగే ఉండిపోయారు.

అట్టపెట్టెలోంచి ఆ రంగు పోయిన స్విచ్చి తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఆయన బొటనవేలు ఆ గుంటలో ఆనించి చూసుకున్నారు. స్విచ్చిని ఒక్కసారి దించితే బండి కుదుపుతో ఆగుతుంది. అలా కాకుండా వేసి తీసి, వేసి తీసి, కొంచెం కొంచెంగా మెల్లగా గడియారం దగ్గరికి తెచ్చేవాడన్నమాట. ప్రతి ఆదివారం, ప్రతి బండినీ. స్విచ్చి తీసేశాక అరచెయ్యి పెట్టాడు.

"మరి నా వేళ్ళలో విద్య..." అన్నారు మా ఆయన.

"మీ విద్యంతా నోట్లోనే ఉందండీ," అన్నాను. ఎప్పుడూ ఒకటికి పది అప్పజెప్పే మనిషి ఆ స్విచ్చినే వేసి తీసి చూస్తూ కూర్చున్నారు. జాలేసింది. అంతకంటే తమ్ముడి మీద దుఃఖం ముంచుకొచ్చింది.

"పాత వైర్లు మళ్ళీ వేసెయ్యవే. వాణ్ణి రమ్మందాం," అన్నారు కాసేపటికి.

"వేసి మళ్ళీ వాణ్ణి బల్ల కింద పాకించమంటారా? కుదరదు. నన్ను ఆలోచించుకోనివ్వండి."

మర్నాడు చెవి మిషన్లన్నీ పక్కకి నెట్టేశాను. ఈ పద్ధతిలో ఒకే ఇంజనుని రెండు రిమోట్లతో నడపొచ్చు. చిప్పులో బ్రేకు కూడా ఉంది, రిమోటులో ఒక మీట నొక్కితే పడుతుంది, వదిలితే పోతుంది. రెండో రిమోటు ఒకటి తెప్పించి విప్పాను. బ్రేకు మీట ఉన్నచోట కన్నం పెద్దది చేసి, ఆ ఇత్తడి స్విచ్చిని అక్కడ బిగించాను. స్ప్రింగు మాత్రం కొత్తది వేశాను. రంగు వేద్దామా అనిపించింది గానీ, ఆ గుంట మీద చెయ్యి వేయబుద్ధి కాలేదు.

దుకాణం కట్టేసే వేళకి ఇద్దరం వెళ్ళాం. మా ఆయన ఒకరి గడప తొక్కడం అరుదు, అందరూ తన దగ్గరికే రావాలి. ఆ రోజు మాత్రం ముసలమ్మని తువ్వాల్లో చుట్టుకుని నా ముందే మెట్లెక్కారు. తమ్ముడి గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, కిటికీలో ఆరేసిన చొక్కా. మమ్మల్ని చూసి కంగారుపడి చొక్కా తీసి మంచం కింద దోపాడు.

మా ఆయన గొంతు సవరించుకున్నారు. వేలం మొదలవుతుందనుకున్నాను. తీరా అడిగింది వినీ వినపడకుండా.

"ఒరే బామ్మర్దీ, చివరి స్టేషన్లో బండిని ఆపేది నువ్వా?"

"లేదు బావా, నువ్వే ఆపేవాడివి. నేనెప్పుడైనా కాస్త వేలు పెట్టేవాణ్ణేమో."

"ఎప్పుడైనా అంటే?"

వాడు నేల చూపులు చూశాడు. "ఎప్పుడూ," అన్నాడు.

"మరి ఒక్కసారైనా చెప్పలేదేంరా? నేను వెర్రివాడిలా అందరి దగ్గరా గొప్పలు పోయానే!"

"చెప్తే నువ్వు మాటలు ఆపేసి బండి చూసుకుంటావు బావా," అన్నాడు తమ్ముడు. "వారమంతా దుకాణంలో ఆ సానరాయి గరగర తప్ప నాకేం వినబడదు. బండి సంగతి నేను చూసుకుంటే నువ్వు మాట్లాడుతూ ఉంటావు కదా అని."

మా ఆయన కుర్చీలో కూలబడ్డారు. మార్కెట్లో అందరూ నోరు మూసుకోమనేవాళ్ళే, ఇంట్లో నేను సరేసరి. ఆయన మాట కోసం ఒకడు ఇన్నేళ్ళు వేలరిగేలా స్విచ్చి నొక్కుతున్నాడని ఆయనకెలా తెలుస్తుంది? కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక, ముసలమ్మని చుట్టిన తువ్వాలుతోనే మొహం తుడుచుకున్నారు. నూనె అంతా బుగ్గలకి పూసుకున్నారు.

నాకు మాత్రం కోపమే వచ్చింది. "మరి రావడం ఎందుకు మానేశావురా? స్విచ్చి లేకపోతే అక్క లేదా? బావ లేడా?"

"చేతిలో పని లేకుండా ఊరికే ఎలా వస్తానక్కా?"

"ఊరికే రావడానికే అక్క ఇల్లు ఉండేది, మొద్దూ!" అని వాడి నెత్తిన మొట్టబోయి, బొప్పి గుర్తొచ్చి ఆగాను. ఏడుపు ఆగలేదు. చేతిసంచీలోంచి రెండో రిమోటు తీసి వాడి ఒళ్ళో పడేశాను. "ఊరికే రాలేనంటే ఇదుగో, పని."

వాడు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. ఇత్తడి స్విచ్చి కనబడగానే బొటనవేలు దానంతటదే వెళ్ళి గుంటలో కూర్చుంది.

ఆదివారం మధ్యాహ్నం గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడు విని కూడా నేను లేవలేదు, కాసేపు అలా వింటూ కూర్చున్నాను. తర్వాత ముగ్గురికీ టీ పట్టుకుని మేడెక్కాను. ముసలమ్మకి పొగగొట్టం అతికించాను, కాస్త వంకరగానే ఉంది. మా ఆయన కూత వేయించి బయల్దేరదీశారు. తమ్ముడు కొండ అవతల తన కుర్చీలో ఉన్నాడు.

మొదట ఎవరూ మాట్లాడలేదు. మా ఆయనకి సిగ్గు పట్టుకుంది, నాబ్ వంకే గుడ్లప్పగించి చూస్తున్నారు. బండి కొండెక్కింది, సొరంగంలో దూరింది. ఆయన వేలు నాబ్ మీదే ఉంది, తగ్గించబోతున్నారు.

"బావా," అని కొండ అవతల్నుంచి పిలిచాడు తమ్ముడు. బావ దగ్గర వాడు తానై ముందు మాటెత్తడం నేను వినడం అదే మొదలు. "ఆ రోజు మార్కెట్లో ఒకడేదో చేశాడన్నావుటగా, అక్క చెప్పింది. ఏం చేశాడు?"

మా ఆయన నా వైపు చూశారు. రిమోటు బల్ల మీద పెట్టేశారు. "ఏం చేశాడంటావా? వాడు మామూలోడు కాదురా..." అని ఎత్తుకునేసరికి కిటికీ తలుపులు అదిరాయి.

అవతల టక్, టక్ మని రెండుసార్లు వినబడింది. ముసలమ్మ నిట్టూర్చినట్టు ఆవిరి వదిలి ఆగింది. మా ఆయన సగంలో ఆగి చెవి అటు పెట్టారు.

"ఆపావుట్రా?"

"ఆపాను బావా. నువ్వు చెప్పు."